మీకు తెలుసా? లీటర్ బైక్ తొలి సవారీలో తెలిసొచ్చే సంగతులు

షోరూమ్ అద్దం వెనక నిలబెట్టిన సూపర్‌బైక్‌ను చూసి ‘దీని పికప్ ఎలా ఉంటుందో!’ అనుకోని కుర్రాడు ఉండడు. తీరా తాళం చేతికొచ్చి రోడ్డెక్కాక మొదటి గంటలో గుర్తుకొచ్చేవి మణికట్లు, తొడలు, నడుము. వెయ్యి సీసీ స్పోర్ట్స్ బైక్‌ను బైకర్లు ‘లీటర్ బైక్’ అంటారు. కొత్తగా నడిపినవాళ్లను ఎవరిని కదిపినా దాదాపు ఒకే మాట చెబుతారు: నెమ్మదిగా పోతే సతాయిస్తుంది, వేగం పెరిగేకొద్దీ దారికొస్తుంది. ఈ తిరకాసుకు కారణాలున్నాయి. కొన్ని బండిలో ఉన్నాయి, కొన్ని మనలో ఉన్నాయి.

కిలోకో గుర్రం

హీరో స్ప్లెండర్ ప్లస్ ఇంజిన్ 97.2 సీసీ. శక్తి 8 హార్స్‌పవర్, బరువు 112 కిలోలు. అంటే ఒక్కో గుర్రం 14 కిలోలు లాగాలి. బీఎండబ్ల్యూ ఎస్1000ఆర్‌ఆర్ ఇంజిన్ 999 సీసీ, శక్తి 210 హార్స్‌పవర్, పెట్రోలుతో కలిపి బరువు 197 కిలోలు. ఇక్కడ ఒక్కో గుర్రం వంతుకు కిలో కూడా రాదు. బరువు రెండింతలు కాలేదు గానీ బలం 26 రెట్లయింది. గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి మూడు సెకన్ల పైచిలుకు చాలు.

ఆ 197 కిలోలు రోడ్డు మీద తెలియవు, పార్కింగ్‌లో తెలుస్తాయి. నేల కాస్త వాలుగా ఉన్నచోట ముందు చక్రం గోడవైపు పెట్టి దిగారా, వెనక్కి లాగడానికి వాచ్‌మన్‌ను కేకేయాల్సిందే. రివర్స్ గేర్ ఉండదు మరి.

లైసెన్స్ మాత్రం అదే

స్ప్లెండర్ మీద ‘8’ వేసి చూపించి తెచ్చుకున్న లైసెన్సే ఈ 210 గుర్రాలకూ చెల్లుతుంది. మన చట్టంలో గేరున్న మోటార్‌సైకిల్ అంటే ఒకటే తరగతి. 18 ఏళ్లు నిండి ఆ లైసెన్స్ చేతికొస్తే చాలు, మరుసటి రోజే సుజుకీ హయబూసా నడపొచ్చు. ఐరోపాలో ఇది కుదరదు. అక్కడ కుర్రవాళ్లకు ముందు ఏ1 కింద 125 సీసీ, తర్వాత ఏ2 కింద 35 కిలోవాట్ల (సుమారు 47 హార్స్‌పవర్) లోపు బండ్లే ఇస్తారు. ఆ మెట్లు ఎక్కాకే పెద్ద బండి. జపాన్‌లో మామూలు మోటార్‌సైకిల్ లైసెన్స్ 400 సీసీ దగ్గర ఆగిపోతుంది, ఆపైన నడపాలంటే వేరే లైసెన్స్ తీసుకోవాలి. జపాన్ కంపెనీలు సరిగ్గా 400 సీసీ దగ్గర అన్ని మంచి బండ్లు తయారుచేయడం వెనక ఈ లెక్కే ఉంది.

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. వాళ్లలో ఎక్కువమంది నడిపేది చిన్న బండ్లేనన్నది నిజమే. అయినా మెట్లవారీ లైసెన్స్ గురించి మన దగ్గర పెద్దగా చర్చ జరగకపోవడం నాకు వింతగానే అనిపిస్తుంది.

మణికట్టు నొప్పికి మందు గాలి

హ్యాండిల్ కిందికి, ఫుట్‌రెస్ట్ వెనక్కి, సీటు పైకి. ఈ మూడూ కలిసి మనిషిని ట్యాంకు మీదికి వంచేస్తాయి. పై శరీరం బరువంతా అరచేతుల మీద పడుతుంది. అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా సిగ్నల్ సిగ్నల్‌కూ ఆగుతూ పోతే ఇంటికొచ్చాక నీళ్లగ్లాసు పట్టుకోవడానికి కూడా వేళ్లు మొరాయిస్తాయి. గంటకు 100 దాటాక ఎదురుగాలి ఛాతీని పైకి నెడుతుంది. చేతుల మీది బరువు దానంతటదే తగ్గుతుంది. ఈ సీటింగ్ రేస్‌ట్రాక్ గాలిని లెక్కలోకి తీసుకుని గీసిందే తప్ప మన సిగ్నళ్లను చూసి గీసింది కాదు.

ఇంకో కిటుకు: బరువు చేతుల మీద వేయకుండా మోకాళ్లతో ట్యాంకును గట్టిగా పట్టుకోవాలి. పొట్ట, నడుము కండరాలు పని చేయాలి. అందుకే మొదటి రోజు తొడలు పట్టేస్తాయి.

అద్దాల్లో మోచేతులు

వెనకొచ్చే లారీ కనిపిస్తుందేమోనని చూస్తే సగం అద్దంలో మన జాకెట్ చెయ్యే కనిపిస్తుంది. చాలా స్పోర్ట్స్ బైక్‌లకు అద్దాలు బాడీకి బిగించి ఉంటాయి. ట్రాక్ మీదికి వెళ్లేవాళ్లు ముందుగా విప్పి పక్కన పెట్టేవి కూడా అవే.

యూటర్న్ అనే పరీక్ష

ఈ బండి హ్యాండిల్ మామూలు బండిలా పూర్తిగా తిరగదు. ఎక్కువ తిప్పితే హ్యాండిల్ వెళ్లి ట్యాంకుకో, బండిని కప్పే ప్లాస్టిక్ తొడుగుకో (ఫెయిరింగ్) తగులుతుంది. బొటనవేలు మధ్యలో ఉంటే అదీ నలుగుతుంది. స్కూటీ ఒక్క వంపులో తిరిగే సందులో దీన్ని రెండుసార్లు ముందుకీ వెనక్కీ చేసుకోవాలి. కొత్త సూపర్‌బైక్ కింద పడిన కథల్లో చాలావాటికి వేదిక ఇలాంటి సందో, పెట్రోలు బంకో. గీతలు పడిన ఒక్క ఫెయిరింగ్ ముక్క ఖరీదు వింటే బాధ రెండింతలవుతుంది.

ఫస్ట్ గేర్ ఎంతవరకు వెళ్తుంది?

చాలా లీటర్ బైక్‌లు ఫస్ట్ గేర్‌లోనే గంటకు 140 కిలోమీటర్లు దాటేస్తాయి. ఇంకా ఐదు గేర్లు మిగిలే ఉంటాయి. ఆ గేర్‌ను రేస్ స్టార్ట్ కోసం అంత పొడవుగా పెడతారు. కాబట్టి ట్రాఫిక్‌లో పది, పదిహేను వేగంతో పాకేటప్పుడు క్లచ్‌ను సగం పట్టి సగం వదులుతూనే ఉండాలి. ఎడమచేయి నొప్పికి కారణం క్లచ్ గట్టిదనం ఒక్కటే కాదు, ఈ పొడవాటి గేర్ కూడా.

కాళ్ల మధ్య పొయ్యి

పెట్రోలు కాలగా వచ్చే శక్తిలో చక్రానికి చేరేది మూడో వంతు అటూఇటూ. మిగతాదంతా వేడిగా రేడియేటర్ నుంచీ సైలెన్సర్ నుంచీ బయటికి పోవాలి. బండి కదులుతుంటే గాలి దాన్ని మోసుకుపోతుంది. సిగ్నల్ దగ్గర ఆగామా, ఫ్యాన్ తిరగడం మొదలై ఆ వేడిగాలి నేరుగా తొడలకు తగులుతుంది. మే నెలలో విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర రెండు నిమిషాలు ఆగి చూస్తే, రేసర్లు తోలు ప్యాంటు ఎందుకు వేసుకుంటారన్న ప్రశ్నకు ఇంకో జవాబు కూడా దొరుకుతుంది.

డుకాటీ ఇంజినీర్లు దీనికో ఉపాయం పట్టారు. వాళ్ల వీ4 ఇంజిన్‌లో వెనక రెండు సిలిండర్లు రైడర్ సీటు కిందే ఉంటాయి. బండి వేడెక్కి ఆగి ఉన్నప్పుడు ఆ రెండూ మండడం మానేస్తాయి, ముందు రెండే మండుతాయి.

సూపర్‌బైక్‌కూ చీర గార్డే

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన ప్రకారం వెనక కూర్చునేవాళ్లకు పట్టుకోవడానికి ఊతం, కాళ్లకు ఫుట్‌రెస్ట్, వెనక చక్రంలో బట్టలు చిక్కుకోకుండా కనీసం సగం చక్రాన్ని కప్పే రక్షణ ఉండాలి. ఈ నిబంధన ఇటలీ నుంచి దిగిన ఎర్ర డుకాటీకీ వర్తిస్తుంది. పదుల లక్షల బండికి పక్కన ఇనుప జాలీ బిగించి ఉండటం చూసి నవ్వుకునేవాళ్లు ఉంటారు. యజమానులు మొదట విప్పేదీ దాన్నే. చున్నీ చక్రంలో చుట్టుకున్న ప్రమాదం ఒక్కటి చూసినవాళ్లెవరూ నవ్వరు.

ఎక్సలేటర్‌కు తీగ లేదు

పాత బండ్లలో ఎక్సలేటర్ తిప్పితే తీగ లాగి కార్బురేటర్ తెరుచుకునేది. ఇప్పుడు మనం తిప్పేది ఒక సెన్సర్‌ను మాత్రమే. ఎంత తెరవాలో కంప్యూటర్ లెక్కేసి మోటార్‌తో తెరుస్తుంది. యమహా 2006లో ఆర్6 మోడల్‌తో ఈ పద్ధతిని స్పోర్ట్స్ బైక్‌ల్లోకి తెచ్చింది. ‘రెయిన్ మోడ్’ పెడితే అదే చేయి తిప్పుడుకు బండి మెత్తగా స్పందించడం దీనివల్లే. కొత్తవాళ్లు మొదటి నెల ఆ మోడ్‌లోనే నడపడం మంచిది. ఎండ కాస్తుంటే రెయిన్ మోడ్ ఏమిటని పక్కవాళ్లు ఎగతాళి చేస్తే చేయనివ్వండి.

ఐదు సెంటీమీటర్ల పరుగు

ఎస్1000ఆర్‌ఆర్ సిలిండర్‌లో పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం 49.7 మిల్లీమీటర్లు. ఇంజిన్ 14,000 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంటే ఒక్కో పిస్టన్ సెకనుకు 233 సార్లు పైకెళ్లి కిందికొస్తుంది. ఆ ఐదు సెంటీమీటర్ల లోపలే దాని సగటు వేగం గంటకు 83 కిలోమీటర్లు. మధ్యలో ఇంకా వేగంగా పోతూ, రెండు చివర్లా పూర్తిగా ఆగి, వెనక్కి తిరుగుతుంటుంది. ఆ కేక వినిపించినప్పుడు ఒంట్లో జలదరింపు పుట్టడంలో ఆశ్చర్యమేముంది?

అన్ని నాలుగు సిలిండర్ల బండ్లూ ఒకేలా కేకేయవు. మామూలుగా నాలుగూ సమాన విరామాలతో మండుతాయి, అందుకే గొంతు సన్నగా, తీగలా సాగుతుంది. పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసును క్రాంక్ అంటారు. 2009లో యమహా ఆర్1కు ‘క్రాస్‌ప్లేన్’ రకం క్రాంక్ పెట్టారు. దాంతో సిలిండర్లు 270, 180, 90, 180 డిగ్రీల విరామాల్లో మండుతాయి. చెవికి అది బొంగురుగా, లయ తప్పినట్టు వినిపిస్తుంది. చక్రం పట్టు రైడర్‌కు స్పష్టంగా తెలియడం దీని అసలు లాభం. రేసర్ వాలెంటినో రోసీ 2004లో యమహాకు మారి తొలి రేసే గెలిచిన ఎం1 రేసు బండి నుంచి దిగిన విద్య ఇది.

క్లచ్ పట్టకుండా గేరు

క్విక్‌షిఫ్టర్ ఉన్న బండిలో గేరు లివర్‌ను కాలితో తాకగానే ఇంజిన్ మండటం సెకనులో వందో వంతులు కొన్ని మాత్రమే ఆగుతుంది. ఆ సందులో గేరు పడిపోతుంది. ఎక్సలేటర్ వదలనక్కర్లేదు, క్లచ్ పట్టనక్కర్లేదు. మొదటిసారి చేసేటప్పుడు గేర్‌బాక్స్ పగిలిపోతుందేమోనని కాలు వెనకాడుతుంది. సగం మనసుతో తొక్కితేనే గేరు సరిగా పడదు. ఒకప్పుడు ఇది రేసింగ్ బండ్ల సొత్తు. 2021లో వచ్చిన యమహా ఆర్15 నాలుగో తరంలో కొన్ని రకాలకు ఇదే వచ్చింది. అంటే 155 సీసీ కాలేజీ బండికి!

కుడికి పోవాలంటే కుడి హ్యాండిల్‌ను నెట్టాలి

ఈ జాబితాలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. గంటకు 20-30 కిలోమీటర్లు దాటాక ఏ ద్విచక్ర వాహనమైనా హ్యాండిల్‌ను తిప్పిన వైపు పోదు. కుడి పిడిని ముందుకు నెడితే ముందు చక్రం క్షణకాలం ఎడమకు తిరుగుతుంది. దాంతో బండి కుడికి వాలుతుంది, వాలాక కుడికి తిరుగుతుంది. దీన్నే కౌంటర్‌స్టీరింగ్ అంటారు. సైకిల్ నేర్చుకున్న రోజు నుంచీ మనమంతా తెలియకుండా చేస్తున్నదే ఇది. విమానం కనిపెట్టకముందు రైట్ సోదరులకు అమెరికాలోని డేటన్‌లో సైకిళ్ల దుకాణం ఉండేది. వారిలో విల్బర్ రైట్ చాలామంది సైకిల్ తొక్కేవాళ్లను ఎడమకు ఎలా తిరుగుతారని అడిగితే, ముందు హ్యాండిల్‌ను కాస్త కుడికి తిప్పుతామని చెప్పినవాళ్లు లేరు.

చిన్న బండి మీద తెలియకపోయినా గడిచిపోతుంది. లీటర్ బైక్ మీద గడవదు. వేగంగా తిరిగే చక్రాలు, ఇంజిన్‌లోని క్రాంక్ తమ దిశ మార్చడానికి ఒప్పుకోవు. బండి నిటారుగా, గట్టిగా పోతుంటుంది. మలుపులో ఒళ్లు వాల్చితే చాలనుకున్నవాడు రోడ్డు చివరికి చేరుకుంటాడు. అమెరికన్ శిక్షకుడు కీత్ కోడ్ దీన్ని నిరూపించడానికి ఒక బండికి రెండో హ్యాండిల్ బిగించాడు. అది ఫ్రేమ్‌కు అతికి ఉంటుంది, తిరగదు. ఎక్సలేటర్ మాత్రం దాని మీద కూడా పనిచేస్తుంది. దాన్ని పట్టుకుని ఎంత ఒళ్లు విరిచినా బండి కాస్త పక్కకు జరుగుతుందే తప్ప చెప్పిన మలుపు తిరగదు. చేతులతో నెట్టాలన్నది అప్పుడు బుర్రకెక్కుతుంది.

డుకాటీ పానిగాలె వీ4లో క్రాంక్ చక్రాలకు వ్యతిరేక దిశలో తిరుగుతుంది. చక్రాల పట్టుదలను అది కొంత తగ్గిస్తుంది. మలుపు తేలికవుతుంది, ముందు చక్రం లేవడమూ తగ్గుతుంది.

దీనికి తోడు చూపు. భయపడిన కళ్లు గుంత మీదే నిలుస్తాయి, చేతులు అటే నెడతాయి, బండి అందులోనే పడుతుంది. మలుపు చివర ఎక్కడుందో అక్కడికి చూడమని శిక్షకులంతా మొత్తుకునేది ఇందుకే.

కొత్త టైరు జారుతుంది

స్ప్లెండర్ వెనక టైరు వెడల్పు 80 మిల్లీమీటర్లు. లీటర్ బైక్‌ది 190 లేదా 200. అంత వెడల్పున్నా నేలను తాకే ముక్క అరచేయంతే. షోరూమ్ నుంచి వచ్చిన టైరు పైపొర నున్నగా ఉంటుంది. మొదటి 160 కిలోమీటర్లు మెల్లగా పోతూ, వాలును కొంచెం కొంచెంగా పెంచుకుంటూ దాన్ని అరగదీయాలి. కొత్త బండి, కొత్త టైర్లు, కొత్త రైడర్ ఒకేసారి కలిసే రోజు డెలివరీ రోజే. దండ వేసి, నిమ్మకాయ తొక్కించి, ఫొటో దిగాక చాలామంది చేసే మొదటి పని ఎక్సలేటర్ పూర్తిగా తిప్పడం!

టైరు చల్లగా ఉన్నా పట్టు తక్కువే. రేసుల్లో స్టార్ట్‌కు ముందు టైర్లకు కరెంటు దుప్పట్లు చుట్టేది వేడెక్కించడానికే.

ముందు బ్రేక్ మీద మనకున్న అపోహ

‘ముందు బ్రేక్ పట్టకురా, పల్టీ కొడతావ్’ అని ఇంట్లో పెద్దలు చెప్పిన మాట చాలామంది చేతుల్లో ఉండిపోయింది. స్పోర్ట్స్ బైక్ ఆ మాటను తలకిందులు చేస్తుంది. బ్రేక్ పడగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది. వెనక చక్రం తేలికై నేలను అంటీ అంటనట్టు పోతుంది. కాబట్టి బండిని ఆపే పనిలో అధిక భాగం ముందు చక్రానిదే. అక్కడ 320 మిల్లీమీటర్ల డిస్కులు రెండు ఉంటాయి, రెండు వేళ్లు చాలు. కాకపోతే దాన్ని గబుక్కున గుంజకూడదు. మొదట మెత్తగా పట్టి, బరువు ముందుకు దిగాక పిండాలి.

మంచి రోడ్డు మీద ఆరితేరిన చేయి గంటకు 100 నుంచి దాదాపు 40 మీటర్లలో బండిని ఆపగలదు. 200 నుంచి ఆపాలంటే 80 సరిపోవు. వేగం రెట్టింపైతే దూరం నాలుగింతలు, అంటే 160 మీటర్ల దరిదాపు. అది బ్రేక్ పట్టాక లెక్క. గేదె కనిపించి, మెదడు గ్రహించి, వేలు లివర్‌కు చేరేలోపు గడిచే ఒక్క సెకనులో ఇంకో 56 మీటర్లు పోయి ఉంటాం. 300 వేగంలోనైతే ఆ ఒక్క సెకనులోనే 83 మీటర్లు, నాలుగు క్రికెట్ పిచ్‌లు వరసగా పరిచినంత.

గట్టిగా బ్రేక్ పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న తొలి ఉత్పత్తి మోటార్‌సైకిల్ 1988 నాటి బీఎండబ్ల్యూ కే100. ఆ పరికరం ఒక్కటే 11 కిలోలు తూగేది. ఇప్పుడది కిలో లోపే. మన దేశంలో 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ 1 నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది.

స్పీడోమీటర్ కాస్త గొప్పలు చెబుతుంది

ఐక్యరాజ్యసమితి 39వ నియంత్రణ ప్రకారం స్పీడోమీటర్ అసలు వేగం కన్నా తక్కువ చూపించకూడదు. ఎక్కువ మాత్రం చూపించొచ్చు: పది శాతం, దానిమీద ఇంకో 4 కిలోమీటర్లు. అంటే నిజంగా 100 పోతుంటే మీటరు 114 చూపినా తప్పు కాదు. వాట్సాప్‌లో తిరిగే ‘నేను 299 కొట్టా’ ఫొటోలను ఆ లెక్కన చూసుకోండి.

గాలి గోడ

గాలి నిరోధం వేగం వర్గం లెక్కన పెరుగుతుంది. దాన్ని చీల్చడానికి కావలసిన శక్తి ఘనం లెక్కన పెరుగుతుంది. వేగం రెట్టింపు కావాలంటే శక్తి ఎనిమిది రెట్లు కావాలన్నమాట. సుమారు 18 హార్స్‌పవర్ ఆర్15 గంటకు 140 దరిదాపుల్లో ఆగిపోతే, 300 అందుకునే హయబూసాకు 190 హార్స్‌పవర్ అవసరమైంది. చేతిలో కాలిక్యులేటర్ ఉంటే వేసి చూడండి, లెక్క దాదాపు సరిపోతుంది.

ఆ 300 అంకె వెనకా ఓ కథ ఉంది. 1999లో వచ్చిన తొలి హయబూసా 300 దాటిపోయింది. వేగాల పోటీ ముదిరితే ఐరోపా ప్రభుత్వాలు నిషేధం పెడతాయని భయపడిన కంపెనీలు రాతకోతలు లేకుండా ఓ మాటకొచ్చాయి: రోడ్డు బండ్లు 300 దగ్గర ఆగాలి. 2000ల మొదట్లోనే మీటర్ల మీది అంకెలూ తగ్గాయి. మన దగ్గర హయబూసా పేరును పల్లెదాకా చేర్చింది మాత్రం 2004లో వచ్చిన ‘ధూమ్’ సినిమా.

రోడ్డు మీదికి అనుమతి లేని బండ్లకు ఆ ఒప్పందం పట్టదు. 2016 జూన్ 30న టర్కీలో కొత్తగా కట్టిన ఉస్మాన్ గాజీ వంతెన మీద కెనాన్ సోఫువోలు సూపర్‌చార్జర్ ఉన్న కవాసకీ హెచ్2ఆర్‌తో 26 సెకన్లలో గంటకు 400 కిలోమీటర్లు చేరుకున్నాడు. అతను ఐదుసార్లు ప్రపంచ సూపర్‌స్పోర్ట్ విజేత. ఆ రోజు వంతెన మీద గేదెలు లేవు.

ఇప్పటి సూపర్‌బైక్‌ల ముక్కుకు అటూఇటూ కనిపించే రెక్కలు కూడా సోకు కోసం కావు. పానిగాలె వీ4 రెక్కలు గంటకు 270 వేగం దగ్గర బండిని 30 కిలోల బలంతో నేలకు అదుముతాయని కంపెనీ లెక్క. 60 వేగంలో మాత్రం వాటి వల్ల లాభం ఫొటోలకే.

మొదటి వెయ్యి కిలోమీటర్లు

కొత్త ఇంజిన్‌లో పిస్టన్ రింగులు, సిలిండర్ గోడలు ఒకదానికొకటి సర్దుకోవాలి. అందుకే తొలి సర్వీస్ దాకా ఎంత ఆర్‌పీఎం దాటకూడదో యజమాని పుస్తకంలో రాసి ఉంటుంది. ఒకే వేగంతో గంటల తరబడి పోకూడదని, ఆర్‌పీఎం మారుతూ ఉండాలని కూడా చెబుతారు. వెయ్యి కిలోమీటర్ల దగ్గర ఆయిల్ మార్చినప్పుడు చూస్తే అందులో సన్నటి లోహపు మెరుపు కనిపిస్తుంది. ఇంజిన్ కోసం పెట్టిన ఈ నియమం నిజానికి రైడర్‌కు ఎక్కువ మేలు చేస్తుంది. 210 గుర్రాల్లో సగం కట్టేసి ఉండగానే చేతులు అలవాటు పడతాయి.

హోసూరు నుంచి ప్రపంచానికి

టీవీఎస్, బీఎండబ్ల్యూ 2013లో చేతులు కలిపాయి. బీఎండబ్ల్యూ జీ310 బండ్లు తమిళనాడులోని హోసూరులో తయారై దేశదేశాలకు వెళ్లాయి. అదే ఇంజిన్ వంశంలో 2017 డిసెంబరులో అపాచీ ఆర్‌ఆర్ 310 వచ్చింది: 312 సీసీ, 34 హార్స్‌పవర్. 150 సీసీ నుంచి నేరుగా లీటర్‌కు దూకాలనుకునేవాళ్లకు నా సలహా ఈ తరగతిలో రెండేళ్లు గడపమనే. జేబుకూ మేలే. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బండ్ల మీద జీఎస్టీ 40 శాతం.

తోలు కంగారూది

రేసర్ల సూట్లలో కంగారూ తోలు వాడతారు. ఆవు తోలు కన్నా పలచగా ఉండి కూడా చిరగకుండా తట్టుకుంటుంది. బైక్ రేసుల ప్రపంచ పోటీ మోటోజీపీలో 2018 నుంచి సూట్ లోపల ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. మనిషి నేలను తాకకముందే ఉబ్బుతుంది. మనకు కనీసం ఐఎస్‌ఐ గుర్తున్న ఫుల్ ఫేస్ హెల్మెట్, చేతి తొడుగులు, మడమ కప్పే బూట్లు. లక్షల బండి మీద చెప్పులతో పోయేవాళ్లను హైదరాబాద్‌లో ఏ ఆదివారమైనా చూడొచ్చు.

‘మైలేజ్ ఎంతిస్తుంది బాబూ?’

సిగ్నల్ దగ్గర ఆటో అన్న అడిగేదీ, అపార్ట్‌మెంట్ లిఫ్టులో అంకుల్ అడిగేదీ ఇదే. హయబూసా లాంటి బండి లీటరుకు 15 కిలోమీటర్లు అటూఇటూ ఇస్తుంది. నిజం చెబితే ఎదుటివాళ్ల మొహంలో మెప్పు పోయి జాలి వస్తుంది.

ఇంతకీ ఎక్కడ నడపాలి?

హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉంది. నున్నటి రోడ్డే, కానీ దాని ప్రధాన మార్గంలోకి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. నాలుగు వరసల హైవే మీద మోటార్‌సైకిల్‌కు కేంద్రం 2018లో ప్రకటించిన గరిష్ఠ వేగం 80. అంటే ఫస్ట్ గేర్‌లోనే చలాన్. శ్రీశైలం ఘాట్ మలుపులు ఊరించేవే. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోయే దారి, రాత్రిళ్లు మూసేస్తారు. పగలు కూడా మలుపు అవతల కోతుల గుంపో, ఆర్టీసీ బస్సో ఉండొచ్చు.

ఈ బండి పుట్టింది ట్రాక్ కోసం. మనకు దగ్గరలో ఉన్నది చెన్నై శివార్లలో, శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలోని ట్రాక్, పొడవు 3.7 కిలోమీటర్లు. ఎదురుగా వచ్చే బండి ఉండదు, గుంత ఉండదు, పక్కన అంబులెన్స్ సిద్ధంగా ఉంటుంది. కీత్ కోడ్ స్థాపించిన కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ శిక్షణ తరగతులు కూడా అక్కడ జరిగాయి. కొత్త బండి కొన్న నెలలోనే మోత పెంచే సైలెన్సర్ కోసం డబ్బు తీసేవాళ్లు చాలామంది. ఆ డబ్బుతో ముందు ఒక ట్రాక్ శిక్షణకు పేరు ఇవ్వండి, సైలెన్సర్ సంగతి వచ్చాక చూడొచ్చు.